సమాచారం ఎవరి సబ్జెక్టు?

డిగ్రీలో చేరిన ప్రతి విద్యార్థికీ ఏదో ఒక సెమిస్టర్‌లో కంప్యూటర్ గురించిన పేపరు ఒకటి తగులుతుంది. సిలబస్ మారినప్పుడల్లా దాని పేరు కూడా మారుతుంటుంది. అందులో చెప్పేదేమిటో చూడండి: కీబోర్డు, మౌసు, ఈ-మెయిల్ పంపే పద్ధతి, ఎక్సెల్‌లో నాలుగు గళ్లు కూడడం. పేపరు పేరులో 'ఇన్ఫర్మేషన్' అనే మాట ఉంటుంది, పాఠమంతా యంత్రం గురించే ఉంటుంది. ఇక లైబ్రరీ. చేరిన మొదటి వారంలో లైబ్రేరియన్ అందరినీ ఒక గంట కూర్చోబెట్టి పుస్తకం ఎన్ని రోజులు ఉంచుకోవచ్చో, ఆలస్యమైతే ఎంత కట్టాలో చెబుతారు. సమాచారం గురించి మన ఉన్నత విద్య నేర్పేది దాదాపు ఇంతే.

కావలసిన సమాచారం ఎక్కడుందో వెతకడం, దొరికినదాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడం, దాన్ని మళ్లీ దొరికేలా భద్రపరచడం, హక్కున్న వాళ్లు అడిగితే ఇవ్వడం, బయటపెట్టకూడని దాన్ని కాపాడడం – వీటన్నిటినీ కలిపి సమాచార నిర్వహణ అంటున్నాను. దీన్ని లైబ్రరీ సైన్సు వాళ్లకో కంప్యూటర్ వాళ్లకో వదిలేయకుండా తెలుగు, కామర్స్, కెమిస్ట్రీ, నర్సింగ్, లా – అన్ని కోర్సుల్లోనూ, ఆ సబ్జెక్టు చెప్పే టీచరే, ఆ సబ్జెక్టు పాఠంలో భాగంగానే నేర్పాలన్నది నా వాదన. స్త్రీల హక్కుల పత్రికలో సిలబస్ గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. గృహహింస చట్టం ఉంది, లైంగిక వేధింపుల చట్టం ఉంది, పరిహారాలకు జీవోలు ఉన్నాయి. అయినా మన దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి హక్కు ఎక్కడ ఆగిపోతోంది? కాగితం దగ్గర. ఆ కాగితం రాసేవాళ్లు, దాచేవాళ్లు, చదివి తీర్పు చెప్పేవాళ్లు అందరూ మన కాలేజీల్లో చదివి వెళ్లినవాళ్లే.

నేను అనంతపురం వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. శని, ఆదివారాలు మహిళా సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ఈ రెండు చోట్లా కూర్చోబట్టే నాకీ విషయం కనబడింది. ఆఫీసుకు వచ్చే ఆడవాళ్లు ప్లాస్టిక్ సంచిలో కాగితాలన్నీ పోసుకుని తెస్తారు. వాటిలో ఏది ముఖ్యమో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. సోమవారం కాలేజీకి వెళితే, ఆ సంచిలోని ఒక్కొక్క కాగితమూ ఒక్కొక్క డిపార్టుమెంటుకు చెందినదే అని తెలుస్తుంది. ఆ డిపార్టుమెంటులో అలాంటి కాగితాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోకుండానే పిల్లలు డిగ్రీ తీసుకుంటున్నారు.

ఒక్క ఉదాహరణ తీసుకుని వివరంగా చూద్దాం. కౌలు రైతు పురుగుల మందు తాగి చనిపోయాడు. భార్య పరిహారానికి అర్జీ పెట్టాలి. 2004లో వచ్చిన జీవో 421తో మన రాష్ట్రంలో ఈ పరిహారానికి ఒక పద్ధతి ఏర్పడింది. మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి కలిసి విచారిస్తారు, పైన డివిజన్ స్థాయిలో మరో కమిటీ నిర్ధారిస్తుంది. తర్వాతి కాలంలో పరిహారం మొత్తం పెరిగింది గానీ, కాగితాల జాబితా తగ్గలేదు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, పోలీసుల తుది నివేదిక, పాసు పుస్తకం లేదా కౌలు పత్రం, బ్యాంకు అప్పు, ప్రైవేటు అప్పు, కుటుంబ సభ్యుల వివరాలు... భర్త పోయిన పది రోజులకే ఆమె వీటి కోసం తిరగడం మొదలుపెట్టాలి.

మొదటి కాగితం చావు రోజునే తయారవుతుంది. స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదును చాలాసార్లు ఊళ్లో చదువుకున్న కుర్రాడెవరో రాస్తాడు. భార్య ఒక మూల పడి ఏడుస్తూ ఉంటుంది. ఆ ఫిర్యాదులో 'కడుపునొప్పి భరించలేక మందు తాగినాడు' అని ఒక వాక్యం పడుతుంది. రైతు ఆత్మహత్యల ఫైళ్లు చూసిన కార్యకర్తలందరికీ ఈ కడుపునొప్పి తెలుసు. అప్పుల సంగతి రాస్తే పరువు పోతుందనో, కేసు పెద్దదవుతుందనో, అలా రాయడం అలవాటైపోయో రాస్తారు. ఆరు నెలల తర్వాత కమిటీ ఆ ఒక్క వాక్యం చూపించి ఇది వ్యవసాయ కారణం కాదంటుంది. ఆ కుర్రాడు బి.ఏ. తెలుగు చదివి ఉండవచ్చు. మూడేళ్లలో ఎన్నో వ్యాసాలు రాసి ఉంటాడు. ఒక వాంగ్మూలం ఎలా వినాలి, చెప్పినవాళ్ల మాటను మార్చకుండా ఎలా రాయాలి, రాసినదాన్ని తిరిగి చదివి వినిపించి ఒప్పుకున్నాకే సంతకం ఎందుకు తీసుకోవాలి, ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉందన్న సంగతి – వీటిలో ఏ ఒక్కటీ అతనికి ఎవరూ చెప్పలేదు. ఇది తెలుగు పాఠం కాదా?

రెండో కట్ట అప్పులది. "అంతా మా ఆయనే చూసుకుంటాండె మేడమ్. ఎవురికి ఎంత ఇయ్యాల్నో నాకేం తెల్సు?" అంటుంది. తెల్ల కాగితం మీద రాసుకున్నవి కొన్ని, ప్రామిసరీ నోట్లు కొన్ని, బంగారం తాకట్టు పెట్టిన రసీదులు కొన్ని. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉందనీ, నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమనీ, ఏ తేదీన ఏ పంటకు ఎంత తెచ్చాడో వరుసగా రాస్తే అదే రుజువు అవుతుందనీ కామర్స్ విద్యార్థికి తెలియాలి. వాళ్లకు జర్నల్, లెడ్జర్ తెలుసు. కానీ పుస్తకంలో ఇచ్చిన లెక్కలే వేస్తారు. చిందరవందరగా ఉన్న చీటీలనుంచి ఒక కుటుంబం అప్పుల పట్టిక తయారు చేయమని ఏ పరీక్షలోనూ అడగరు. ఇంకో సంగతి ఉంది, ఇది మన సంఘాల వాళ్లు కూడా అంతగా పట్టించుకోనిది. డ్వాక్రా గ్రూపులో భార్య పేరు మీద తీసుకున్న అప్పు విత్తనాలకూ బోరుకూ పోయి ఉంటుంది. కాగితం మీద అది రైతు అప్పు కాదు, ఆమె అప్పు. కమిటీకి చూపించే అప్పుల జాబితాలో అది చేరదు, ఆయన పోయాక తీర్చవలసిన జాబితాలో మాత్రం ముందుంటుంది.

ఫోరెన్సిక్ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక అందులో 'ఆర్గానోఫాస్ఫరస్' అని ఉంటుంది. అది పొలంలో కొట్టే మందుల జాతి అని కెమిస్ట్రీ చదివిన ఎవరైనా చెప్పగలరు. కానీ ల్యాబ్ రిపోర్టు అనే కాగితాన్ని చదవడం, దాని నంబరును పోస్టుమార్టం నంబరుతో పోల్చి చూసుకోవడం బి.ఎస్సీ.లో లేదు. కౌలు పత్రం సంగతి సరేసరి. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలుదార్లకు రుణ అర్హత కార్డులన్నారు, 2019లో ఇంకో చట్టం తెచ్చి సాగుదారు హక్కు పత్రాలన్నారు. రెండో దానికి పట్టాదారు సంతకం కావాలి. భూమి పోతుందన్న భయంతో చాలామంది పట్టాదారులు సంతకం పెట్టరు. అప్పుడు కౌలు చేశాడనడానికి రుజువు ఏది? ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఎక్కింది, ఎరువుల బిల్లు ఎవరి పేర రాశారు, పంట అమ్మిన చీటీ ఎవరిది – ఇలా పక్క దారుల్లో వెతకాలి. వెతికే ఈ పద్ధతిని చరిత్ర చదివేవాళ్లు శాసనాల విషయంలో నేర్చుకుంటారు. వెయ్యేళ్ల నాటి దానశాసనంలో దాత ఎవరో పోల్చుకునే విద్యార్థి, పక్క ఊరి కౌలుదారు ఎవరో పోల్చుకోలేడా?

ఇక చనిపోయింది స్త్రీ అయితే. జాతీయ నేర రికార్డుల బ్యూరో 1995 నుంచి రైతుల ఆత్మహత్యలను వేరుగా లెక్కిస్తోంది. 2014 లెక్కల నుంచి రైతులు వేరు, వ్యవసాయ కూలీలు వేరు అని విడదీసింది. పొలంలో ఎంత పని చేసినా భూమి తన పేర లేని స్త్రీ ఈ రెండు గళ్లలోకీ రాకుండా 'గృహిణి' గడిలోకి పోయే అవకాశమే ఎక్కువ. 2021లో ఆత్మహత్య చేసుకున్నారని ఆ బ్యూరో లెక్కించిన స్త్రీలు 45,026 మంది. వారిలో 23,178 మంది గృహిణులు. సగానికి పైగా! వీళ్లలో ఎందరు తెల్లారి లేచి కలుపు తీయడానికి వెళ్లినవాళ్లో ఆ పట్టిక చెప్పదు. స్టాటిస్టిక్స్ క్లాసులో మీన్, మీడియన్ కట్టించే ముందు, ఈ గడిలోకి మనిషిని ఎవరు వేశారు, ఏ ప్రశ్న అడిగి వేశారు అని అడగడం నేర్పాలి. 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్నలోనే సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనిని కూడా చేర్చి అడిగారు. స్త్రీల పని లెక్కకు రావడం లేదని గొడవ చేస్తేనే ఆ మాటలు చేరాయి. 2019లో జాతీయ స్థాయిలో సమయ వినియోగ సర్వే జరిగితే, ఇంటి పనికి దిగిన స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ప్రశ్న మారితే మనిషి కనబడుతుంది.

ఇదే చూపు నేర గణాంకాలకూ కావాలి. ఒకే ఘటనలో అత్యాచారమూ హత్యా జరిగితే బ్యూరో లెక్కలో అది హత్యగానే పడుతుంది. ఎందుకంటే శిక్ష ఎక్కువగా ఉన్న ఒక్క నేరాన్నే లెక్కిస్తారు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, పెళ్లయిన స్త్రీలలో భర్త హింసను అనుభవించినవారు దేశంలో 29 శాతం పైన, తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవడం రాని విలేఖరి, 'మా జిల్లాలో కేసులు తగ్గాయి' అని అధికారి చెప్పగానే సంతోషంగా రాసుకుపోతాడు.

ఇదంతా లాయర్ల పని కదా అని నా సహోద్యోగులు కొందరంటారు. లాయరు చేతికి ఫైలు వచ్చేసరికి ఆ కడుపునొప్పి వాక్యం అందులో ఎక్కేసి ఉంటుంది! పైగా మన ఉద్యమ చరిత్ర చూసినా, కాగితాన్ని చదవడం తెలిసిన టీచర్లు రకరకాల సబ్జెక్టుల నుంచి వచ్చారు. 1974లో భారత స్త్రీల స్థాయి పై వేసిన కమిటీ తన నివేదిక ఇచ్చింది. దాని సభ్య కార్యదర్శి వీణా మజుందార్ రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పినావిడ. 1901లో వెయ్యి మంది పురుషులకు 972 మంది స్త్రీలుంటే 1971 నాటికి అది 930కి పడిపోయిందన్నది ఎక్కడో దాచిన రహస్యం కాదు, జనాభా లెక్కల పుస్తకాల్లో అచ్చయి ఉన్నదే. దాన్ని వరుసలో పెట్టి ఇది ఏం చెబుతోందని అడిగారు. అదే కమిటీలో ఉన్న లతికా సర్కార్ లా టీచరు. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేస్తే, మరుసటి ఏడు ఆమె, ఉపేంద్ర బక్షీ, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవర్ – నలుగురు లా టీచర్లు – ఆ తీర్పును వాక్యం వాక్యం చదివి ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆందోళన లేచింది. 1983లో చట్టం మారింది. ఆ నలుగురూ చేసింది తమ సబ్జెక్టు కాగితాన్ని శ్రద్ధగా చదవడమే.

తమాషా ఏమిటంటే అమెరికాలో పాల్ జుర్కౌస్కీ అనే ఆయన 'ఇన్ఫర్మేషన్ లిటరసీ' అన్న మాటను మొదటిసారి వాడిందీ 1974లోనే. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆ మాట పట్టుకుని పెద్ద శాస్త్రమే కట్టాయి. మనం అక్కడి ప్రమాణాలను తెచ్చి లైబ్రరీ సైన్సు సిలబస్‌లో ఒక యూనిట్‌గా పెట్టుకున్నాం. 1914లో బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తల మహాసభ పెట్టుకున్న నేల మనది. సమాచారం జనానికి చేరాలన్న ఆలోచనకు పడమటి దేశాల వైపు చూడవలసిన అవసరం మనకు లేదు.

కాగితం వెతకడం గురించే ఇంతసేపూ చెప్పాను. దాచడం, కాపాడడం అంతకన్నా కష్టమైన పాఠం. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. పిల్లలు ఊళ్లకు వెళ్లాలన్న ఆలోచన మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ వాళ్లు ఏం చేస్తున్నారు? ఒక ప్రశ్నాపత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటి యజమాని పేరు, కులం, ఆదాయం, ఫోన్ నంబరు, కొన్నిచోట్ల ఆధార్ నంబరు కూడా. 'మీ ఇంట్లో గృహహింస ఉందా?' అన్న ప్రశ్న కూడా ఒక రిపోర్టులో నా కంటబడింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉండగా అడిగి, 'లేదు' అని రాసుకుని వచ్చారు. ఇంకో రిపోర్టులో 'ఉంది' అన్న ఇద్దరి పేర్లు, వీధితో సహా అచ్చు వేసి బైండు చేయించి డిపార్టుమెంటు అలమరాలో పెట్టారు. ఆ అలమరాకు తాళం లేదు. నేనడిగితే ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "వివరాలు పూర్తిగా ఉంటేనే మార్కులేస్తారని చెప్పారు మేడమ్" అంది. తప్పు ఆ పిల్లది కాదు.

గృహహింస గురించి పరిశోధన చేసేవాళ్లు స్త్రీల భద్రతను ముందు ఎలా చూసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, ఇంట్లో ఒక్కరినే అడగాలి, పేరు వేరుగా ఉంచాలి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి సిద్ధపడి వెళ్లాలి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు అని ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్‌లో ఉంది, దానికి ముందు శిక్షాస్మృతి 228ఏలో ఉండేది. ఇవి సోషల్ వర్కు విద్యార్థులకే పరిమితమైతే ఎలా? ఊళ్లోకి వెళ్లే ప్రతి బి.కాం., ప్రతి బి.ఎస్సీ. విద్యార్థికీ ముందు ఈ రెండు గంటల పాఠం చెప్పి పంపాలి. చెప్పలేకపోతే ఆ ప్రశ్న అడిగించకూడదు.

అయితే గోప్యత అన్న మాటనే అడ్డు పెట్టుకుని మనకు రావలసిన సమాచారాన్ని ఆపే రోజులు కూడా వచ్చాయి. 2005 సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) ప్రకారం, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నీ, ఒకరి ఏకాంతంలోకి అనవసరంగా చొరబడే సమాచారాన్నీ నిరాకరించవచ్చు. ఎక్కువ ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాల్సిందే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ క్లాజును మార్చి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు, నిరాకరించవచ్చు అనేలా చేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వవచ్చన్న 8(2) ఇంకా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, అర్జీలో రాయండి. ఉపాధి హామీ మస్టర్లో ఎవరి పేరు మీద ఎవరు డబ్బులు తీశారో తెలుసుకోవడమే సామాజిక తనిఖీ. రేపు ఆ పేర్లు వ్యక్తిగతం అంటే తనిఖీ ఏముంటుంది? బాధితురాలి పేరు దాచడానికీ, అధికారి సంతకం దాచడానికీ తేడా ఏమిటో పొలిటికల్ సైన్సు క్లాసులోనూ కంప్యూటర్ సైన్సు క్లాసులోనూ కూడా చర్చించాలి. అదే చట్టం 4(1)(ఏ) సెక్షన్‌లో ప్రతి ప్రభుత్వ ఆఫీసూ తన రికార్డులను వర్గీకరించి, సూచికలు తయారు చేసి ఉంచాలని ఉంది. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్లుగా, మహిళా సంరక్షణ కార్యదర్శులుగా చేరినవాళ్లు మన డిగ్రీ పిల్లలే. రికార్డు ఎలా ఉంచాలో వాళ్లకు ఏ పేపరులో చెప్పాం?

ఆస్పత్రి కాగితాల గురించి ఒక్క మాట. నాలుగవ కుటుంబ ఆరోగ్య సర్వే (2015–16) నాటికి 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మందికి దగ్గర, తెలంగాణలో ఎనిమిది మందికి దగ్గర. వాళ్లలో మన దగ్గరకు వచ్చినవాళ్లను బయాప్సీ రిపోర్టు ఉందా అని అడిగి చూడండి. చాలామంది దగ్గర స్కానింగ్ ఫిల్ము ఒకటి, మందుల చీటీ ఒకటి ఉంటాయి. ఇన్‌పేషెంటు రికార్డులను డాక్టర్లు మూడేళ్లు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. కేసు షీటు నింపే నర్సింగ్ విద్యార్థినికి ఈ 72 గంటల సంగతి పాఠంలో చెబితే, వార్డులో పడుకున్న ఆమెకు ఆ మాట చేరుతుంది.

అభ్యంతరాలు చాలా వస్తాయి. సిలబస్‌లో చోటు లేదంటారు. నేను కొత్త పేపరు అడగడం లేదు. కొత్త పేపరు పెడితే ఏమవుతుందో పర్యావరణ విద్యలో చూశాం. 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది. మంచి ఉద్దేశమే. చివరికి చాలా కాలేజీల్లో అది పరీక్షకు ముందు వారం గైడు చదివి గట్టెక్కే పేపరు అయింది. చెప్పే టీచరుకు అది తన సబ్జెక్టు కాదు, రాసే విద్యార్థికీ కాదు. సమాచార నిర్వహణకు ఆ గతి పట్టకూడదు. కామర్స్ టీచరు ఇప్పుడు చెప్పే కంపెనీ వార్షిక నివేదిక పాఠంలోనే, లైంగిక వేధింపుల ఫిర్యాదుల వివరాలు ఏ పేజీలో ఉన్నాయో వెతికించవచ్చు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి, 90 రోజులు దాటినవి ఎన్ని అన్నది డైరెక్టర్ల నివేదికలో చెప్పాలని 2025లో నిబంధన మార్చారు కూడా. అదనంగా పట్టే సమయం ఎంత? ఒక పీరియడ్.

టీచర్లకే రాదు కదా అన్నది రెండో అభ్యంతరం. ఇది నిజం. 2019లో యూజీసీ పరిశోధనా నైతికత మీద పిహెచ్.డి. వాళ్లకు రెండు క్రెడిట్ల కోర్సు పెట్టింది, అంతకు ముందు ఏడు కాపీ కొట్టడం మీద నిబంధనలు తెచ్చింది. ఎత్తిరాయకూడదని అందరికీ తెలిసింది, అసలు ఎలా వెతకాలో ఎలా నిర్ధారించుకోవాలో తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడు కృత్రిమ మేధ పుణ్యమా అని లేని పుస్తకాల పేర్లూ లేని తీర్పుల నంబర్లూ విద్యార్థుల అసైన్‌మెంట్లలోకి వచ్చేస్తున్నాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు యంత్రం కల్పించి ఇచ్చిన కేసులను కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. భరణం కేసులో మన ఆడపిల్ల తరఫున అలాంటి కాగితం దాఖలైతే జరిమానా ఎవరు కట్టినా కేసు మాత్రం ఆమెది పోతుంది.

టీచర్లకు రాకపోతే నేర్పే మార్గం ఉంది. 2015లో అన్వేషి మిత్రులు జెండర్ మీద ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఒక పాఠ్యపుస్తకం తయారు చేస్తే తెలుగు అకాడమీ అచ్చు వేసింది, హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలో ఇంజినీరింగ్ కాలేజీల్లోకి వెళ్లింది. ఇంజినీరింగ్ పిల్లలకు జెండర్ ఎందుకని అప్పుడూ అడిగినవాళ్లున్నారు. స్త్రీల సంఘాల దగ్గరున్న అనుభవం పాఠ్యపుస్తకం కాగలదని అది చూపించింది. సమాచారం విషయంలో మన దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంది. ప్రతి సంఘం ఆఫీసులోనూ ఇరవై ముప్పై ఏళ్ల ఫైళ్లున్నాయి. నిజాయితీగా చెప్పాలంటే వాటి స్థితి కూడా గొప్పగా లేదు. చెదలు, వర్షం నీళ్లు, ఆఫీసు మారినప్పుడు పోయిన పెట్టెలు... మన దగ్గరకు ఫీల్డువర్కుకు వచ్చే ఎం.ఎస్.డబ్ల్యు. విద్యార్థినులను మీటింగుకు కుర్చీలు వేయడానికి, ఫొటోలు తీయడానికి వాడుకుంటున్నాం. వాళ్లచేత ఒక ఫైలుకు సూచిక రాయించవచ్చు కదా.

కాబట్టి నా ప్రతిపాదన సంఘాలకూ కాలేజీలకూ కలిపి. ప్రతి సంఘమూ పూర్తయిన కేసుల్లోంచి పది ఫైళ్లు ఎంచి, వాటిలో ఉన్న స్త్రీలను వెతికి పట్టుకుని, ఎందుకు వాడతామో చెప్పి అనుమతి అడగాలి. వద్దన్నవాళ్ల ఫైలు మళ్లీ బీరువాలోకి పోవాలి. ఒప్పుకున్నవాళ్లవాటిలో పేరు, ఊరు, తేదీలు మార్చి, గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ తీసేసి నకళ్లు తయారు చేయాలి. ఆ నకళ్లను బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్న టీచర్లకు ఇచ్చి, మీ సబ్జెక్టుకు చెందిన కాగితం ఇందులో ఏదో చూసి దాని మీద ఒక పాఠం, ఒక పరీక్ష ప్రశ్న రాయండి అని అడగాలి. లైబ్రేరియన్లను ఈ పనిలో ముందు పిలవాలి. కాలేజీలో అన్ని డిపార్టుమెంట్ల వాళ్లకూ తెలిసిన మనిషి ఆమే, అందరూ మరిచిపోయే మనిషీ ఆమే.

మా ఆఫీసులో ఈ వేసవిలో మొదలుపెడుతున్నాం. ముందుగా తీసినవి కౌలు రైతుల భార్యలవి నాలుగు, గృహహింస చట్టం కింద రక్షణాధికారి నివేదికలున్నవి మూడు, గర్భసంచి ఆపరేషన్లవి రెండు. ఇద్దరు ఇప్పటికే వద్దన్నారు. ఒకామె మాత్రం తన ఫైల్లో పేరు మార్చినా ఎఫ్ఐఆర్‌లోని ఆ కడుపునొప్పి వాక్యాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పిల్లలకు చూపించమంది. తెలుగు, కామర్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్లు ఎవరైనా ముందుకొస్తే జూన్‌లో రెండు రోజులు కలిసి కూర్చుని పాఠాలు రాద్దాం. చార్జీలు మేము ఇవ్వలేం. భోజనం, పడుకోవడానికి చోటు ఉన్నాయి.